ఎవరైనా చదవచ్చు
(పన్నెండో భాగం)

పోయిన వారం వెర్నాను కోర్టు మెట్ల మీద వదిలేసి వచ్చాం. కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు. వెర్నా స్టిడమ్ మా హెండ్రన్ కౌంటీలో స్కూలు బస్సు నడుపుతుంది. నలభై నాలుగేళ్లు. తనకు నాలుగేళ్లప్పుడు కన్నతల్లి ఓర్లీన్ కుట్టుమిషన్లు అమ్మేవాడితో లేచిపోయిందని మేనత్త ఐలా చెప్పింది. అదే నమ్మి పెరిగింది. సోమవారం ఒహాయో రాష్ట్రం డేటన్ నుంచి ఒక ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. "మీ అమ్మగారికి ఊపిరి అందడం లేదండీ. మిమ్మల్ని చూడాలంటున్నారు. ఆదివారం దాటితే మేమేం చెప్పలేం" అంది. వదిలేసి పోయిన మనిషి కోసం నేనెందుకు రావాలని వెర్నా విరుచుకుపడితే, ఆ నర్సు నోరు జారింది. "అదేంటండీ, మీ కోసం కోర్టుకు కూడా వెళ్లానని చెప్పారే!"

అంతే, అప్పటినుంచి వెర్నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. అమ్మ నిజంగా కోర్టుకు వెళ్లి ఉంటే ఎక్కడో ఒక కాగితం ఉండాలి. కాగితం ఉంటే డేటన్ పోవాలి. లేకపోతే నర్సు ఫోను ఇంకోసారి ఎత్తనక్కర్లేదు. ఈ రోజు శుక్రవారం. కోర్టు ఆఫీసు సాయంత్రం నాలుగున్నరకు మూసేస్తారు. మళ్లీ సోమవారం దాకా తెరవరు.

మా కోర్టు భవనంలో నడవాకు అటొక ఆఫీసు, ఇటొక ఆఫీసు. ఎడమవైపు నోలా ఆఫీసులో పొలాల దస్తావేజులు, పెళ్లిళ్లు, వీలునామాలు. కుడివైపు బర్డీన్ హాల్‌కూమ్ ఆఫీసులో కోర్టు కేసులు. ఇద్దరూ ఎన్నికల్లో గెలిచి కూర్చున్నవాళ్లే. పదమూడేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వెర్నా బుధవారం, గురువారం నోలా దగ్గర దస్తావేజుల పుస్తకాలన్నీ తిరగేసింది. "స్టిడమ్ పేరు మీద అలాంటిదేం లేదమ్మా" అందే గాని, ఎదుటి గదిలో అడుగు అని నోలా నోటివెంట ఒక్క మాట రాలేదు. రెండు రోజులు! ఆదివారం దాకా ఉన్నవే ఆరు రోజులైతే అందులో రెండు ఇద్దరు పెద్దమనుషుల పంతానికి పోయాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకే ఒళ్లు మండుతుంది.

శుక్రవారం పొద్దున ఎవరో చెబితే వెర్నా కుడివైపు తలుపు తోసింది. అప్పటికి పదకొండు కావస్తోంది. బర్డీన్ అద్దాలు ముక్కు మీదకు జార్చి చూశాడు.

"ఎవరి అమ్మాయివి?"

మా కౌంటీలో పోస్టాఫీసులో స్టాంపు కొనాలన్నా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. కోర్టు రికార్డు చూడ్డానికి ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగకూడదు, చెప్పనక్కర్లేదు. గోడ మీద అట్ట మీద అదే రాసి ఉంది. అయినా ఎవరి అమ్మాయివంటే చెప్పకుండా ఉండే మనిషి మా దగ్గర ఇంకా పుట్టలేదు. వెర్నా కూడా మర్యాదగా నిలబడి మొత్తం చెప్పేసింది. హోబర్ట్ స్టిడమ్ కూతుర్ని, ఐలా మేనకోడల్ని, మా అమ్మ కేసు ఏదో ఉందట, డేటన్‌లో ఆసుపత్రిలో ఉంది, అంటూ. తలుపు తెరిచే ఉంది. ఎదురుగా నోలా తలుపు కూడా తెరిచే ఉంది.

బర్డీన్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు.

"నాకు రెండింటి దాకా జడ్జిగారి దగ్గర పనుందమ్మాయ్. పాత కేసులన్నీ కింద సెల్లార్లో. తాళాలు నా దగ్గరే ఉంటాయి. రెండింటికి రా."

రెండింటికి వచ్చిన వెర్నా మూడున్నర దాకా బెంచీ మీద ఎదురుచూసింది. కూర్చుంది అనలేను. లేచింది, నడిచింది, కిటికీ దగ్గర నిలబడింది, మళ్లీ కూర్చుంది. మెట్ల మీద దేవదారు చెక్కలు చెక్కుకుంటూ కూర్చునే ముసలాళ్లు కూడా విసిగి, "ఆ పిల్లకు ఒక కత్తీ చెక్కముక్కా ఇవ్వండ్రా" అని నవ్వుకున్నారు.

మూడున్నరకు బర్డీన్ వచ్చి తాళాలగుత్తి తీశాడు.

"కంప్యూటర్లో చూశానండీ బర్డీన్ గారూ. ఏమీ లేదు" అంది వెర్నా మెట్లు దిగుతూ.

"దాన్లో ఎనభై తొమ్మిది నుంచే ఉంటాయి. అంతకు ముందువి పుస్తకాల్లో చూడాలి." సెల్లార్లో దీపం వేసి, బల్ల మీద పిండి బస్తా అంత బరువున్న ఎర్ర పుస్తకం పడేశాడు. "కేసు వేసినవాళ్ల పేర్లు ఇందులో. ఎవరి మీద వేశారో వాళ్ల పేర్లు ఆ రెండో దాన్లో. చూసుకో."

వెర్నా ఎస్ అక్షరం దగ్గర తెరిచింది. స్టిడమ్‌లు నాలుగు పేజీలున్నారు. గొడ్డు పోయిందని, కంచె జరిపాడని, గని యజమాని మీద, సొంత తమ్ముడి మీద. అందులో ఓర్లీన్ లేదు. ఇంకోసారి వేలు పెట్టి వరసగా చదివింది. లేదు.

"లేదండీ." ఆ మాటలో ఊరట ఉందో, ఏడుపు ఉందో ఆమెకే తెలియలేదు. "అంటే అంతా అబద్ధమేగా? ఆవిడ కేసు వెయ్యనే లేదు."

"అందరూ ఇదే చేస్తారు" అన్నాడు బర్డీన్ విసుగ్గా. "మన ఊళ్లో ఆడమనిషికి పెళ్లయిందంటే సమాధి రాయి మీద కూడా మొగుడి ఇంటిపేరే. కాబట్టి ఆ పేరు మీదే వెతుకుతారు. విడాకులయ్యాక మీ అమ్మ ఆ పేరు ఉంచుకుందని నీకెవరు చెప్పారు? పుట్టింటి పేరేంటి?"

"టాకెట్."

"మరి టీ దగ్గర చూడు."

టీ దగ్గర మూడో పేజీలో, అందమైన నీలం సిరా రాతలో ఉంది. ఓర్లీన్ టాకెట్, హోబర్ట్ స్టిడమ్ మీద. బిడ్డ కోసం. 1973. పక్కన కేసు నంబరు, డబ్బా నంబరు.

వెర్నా ఆ పేరు మీద వేలు పెట్టింది. నలభై ఏళ్లుగా అమ్మ అన్న మాట వినబడితే మొహం తిప్పుకుంది. బడిలో మదర్స్ డే కార్డులు చేయమంటే అత్త పేరు రాసింది. ఆ అమ్మ, ఇదిగో, బిడ్డ కోసం అని రాయించి కేసు వేసింది. సంతోషం వచ్చింది ముందు. పచ్చి సంతోషం. ఆ వెనకే ఇంటి దగ్గరున్న ముసలి అత్త మీద కోపం, పళ్లు కొరికేంత కోపం.

బర్డీన్ నిచ్చెన వేసి పై అర నుంచి రేకు డబ్బా దించాడు. అప్పుడే మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది.

"దాన్ని ముట్టుకోకే!"

ఐలా. డెబ్భై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు, చర్చికి వేసుకునే నీలం గౌను. నోలా ఫోన్ చేసి ఉంటుంది, ఇంకెవరు? పాపం, అంత ఎండలో, ఎవర్ని బతిమాలుకుని బండెక్కి వచ్చిందో.

"ఏవయ్యా బర్డీన్, బుద్ధుందా నీకు? చర్చి ఆదివారం బడిలో నీకు అక్షరాలు దిద్దబెట్టింది నేనేనా?"

"మీరేనండీ."

"అయితే ఆ డబ్బా ఎక్కడ తీశావో అక్కడ పెట్టు."

"పెట్టలేనండీ అమ్మా. ఇది నా సొత్తు కాదు. మీరడిగినా ఇస్తాను, దారిన పోయేవాడు అడిగినా ఇస్తాను."

ఐలా కుర్చీలో కూలబడి మేనకోడలి వైపు తిరిగింది. "వెర్నా, తల్లీ, డేటన్ పోవాలని ఉందా? పో. నేనే దారికి రొట్టెలు కట్టిస్తాను. అది మాత్రం చదవకు. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచికా!" వెర్నా గొంతు సెల్లారంతా మోగింది. "కుట్టుమిషన్లవాడు ఎవడత్తా? వాడి పేరేంటి? చెప్పు."

ఐలా చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి నేల వైపు చూసింది.

"అసలు అలాంటివాడు ఉన్నాడా?"

"లేడు."

"మరి మా అమ్మ ఎక్కడికెళ్లింది?"

"డేటన్‌లో టైర్ల ఫ్యాక్టరీకి. మీ నాన్న గనిలో పని పోయి తాగుడికి తగులుకుంటే, ఇల్లు గడవక పోయింది. కుదురుకున్నాక నిన్ను తీసుకుపోతానంది. రెండేళ్లు పట్టింది."

"వచ్చింది కదా! తీసుకుపోవడానికి వచ్చింది కదా! కోర్టుకెక్కింది కదా! నువ్వూ నాన్నా కలిసి జడ్జితో ఏం చెప్పారు? ఏ అబద్ధం చెప్పి తరిమేశారు? నీకు పిల్లల్లేరు, నీకో పిల్ల కావలసి వచ్చింది. నిజమా కాదా?"

"నిజం." ఐలా తలెత్తి మేనకోడలి కళ్లలోకి చూసింది. "కావలసే వచ్చావు. ఇప్పటికీ కావాలి. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కానీ తరిమింది నేను కాదే. అందుకే చదవొద్దంటున్నా."

వెర్నా ఆమె మాట పట్టించుకోలేదు. డబ్బాలోంచి ఫైలు తీసింది. మూడు మడతలు పెట్టి, తాడుతో కట్టిన కాగితాలు. మొదటిది అర్జీ. రెండోది నాన్న జవాబు, లాయరు భాషలో. మూడోది జడ్జి గదిలో అత్తా నాన్నా లేకుండా, కేసు వేసిన తల్లి ఎదురుగా పిల్లను అడిగినప్పుడు టైపు చేసిన ప్రశ్నలూ జవాబులూ. ఇప్పుడైతే అలాంటి కాగితానికి సీలు వేసి దాచేస్తారు. ఆ రోజుల్లో మా కౌంటీలో ఎవరికీ తోచలేదు.

వెర్నా నిలబడే చదవడం మొదలుపెట్టింది.

జడ్జి: నీ పేరేంటమ్మా?
పాప: వెర్నా.
జడ్జి: ఎన్నేళ్లు?
పాప: ఆరు. ఆగస్టులో ఏడు.
జడ్జి: మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?
పాప: అత్త, నాన్న, బ్లూ. బ్లూ మా కుక్క.
జడ్జి: ఇదిగో, ఈమె ఎవరో తెలుసా? నిన్ను వాళ్ల ఊరు తీసుకెళ్తుందట. వెళ్తావా?
పాప: బ్లూ కూడా వస్తుందా?
వాది: మేముండే చోట కుక్కల్ని రానివ్వరు. నీకు బొమ్మ కుక్క కొంటాను బంగారం.
పాప: నేను రాను.
జడ్జి: అమ్మ కదమ్మా.
పాప: మా అమ్మ కాదు. మా అమ్మ దగ్గర సబ్బు వాసన వచ్చేది. ఈమె చేతులు టైరు కంపు కొడుతున్నాయి.
జడ్జి: ఇలా చెప్పమని నీకెవరైనా నేర్పారా?
పాప: లేదు.
జడ్జి: అత్త గాని, నాన్న గాని?
పాప: లేదండీ. ఈమెను పొమ్మనండి. మళ్లీ రావొద్దని చెప్పండి.

కింద ఒక్క వరుస ఉంది. పిల్లను బలవంతాన తీసుకుపోవడం ఇష్టం లేక వాది తన అర్జీని తానే వెనక్కి తీసుకున్నదని. దాని కింద ఓర్లీన్ టాకెట్ సంతకం. చివరి అక్షరం కాగితం చిరిగేలా నొక్కి రాసి ఉంది.

వెర్నా మళ్లీ మొదటి నుంచి చదివింది. ఎక్కడైనా అత్త మాట దొరుకుతుందేమోనని, నాన్న మాట దొరుకుతుందేమోనని. ఆ మాటలన్నీ తనవే. బ్లూ గుర్తుంది, దాని చెవి మీద తెల్ల మచ్చ కూడా గుర్తుంది. ఆ గది గుర్తు లేదు. ఆ చేతులు గుర్తు లేవు. అదే ఆమెకు అన్నిటికన్నా భరించరానిదిగా తోచింది.

"నేను నేర్పాననుకున్నావు కదూ" అంది ఐలా నెమ్మదిగా. "నేర్పి ఉంటే ఎంత బాగుండేదే! ఇవాళ ఆ తప్పు నా నెత్తినేసుకుని దర్జాగా కూర్చునేదాన్ని. అమ్మ వదిలేసిందంటే నీకు ఆవిడ మీద కోపం వస్తుంది. నువ్వే పొమ్మన్నావంటే నీ మీద నీకు వస్తుంది. ఆరేళ్ల పిల్లవి. ఏది మోయగలవా అని చూసుకుని, చేతికందిన అబద్ధం చెప్పాను."

"పెద్దయ్యాకైనా చెప్పొచ్చుగా!"

"ఏ రోజు చెప్పను? నీ బడి చదువు అయిపోయిన రోజా? మీ నాన్న పోయిన రోజా? ప్రతి ఏడూ చెబుదామనుకుంటూనే ఉన్నా. భయం వేసింది. నా మీద అసహ్యం పుడుతుందని భయం. అదే నిజం."

వెర్నా కాగితాలు మడవబోయింది. ఫైలు అట్ట తెరుచుకుని, లోపల అంటించిన పచ్చ కార్డు కనబడింది. ఫైలు తీసి చదివినవాళ్లు తేదీ వేసి సంతకం పెట్టాలి, అది మా కోర్టు పద్ధతి. అంత పాత గొడవను ఎవరు చదువుతారు, కార్డు ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు. ముందు వైపు నిండి, వెనక వైపుకు తిరిగింది.

1974 జూన్, ఓర్లీన్ టాకెట్. 1975 జూన్, ఓర్లీన్ టాకెట్. 1976 జూన్.

ప్రతి ఏడూ జూన్‌లోనే. ఒక్క ఏడు కూడా తప్పలేదు. మొదట్లో గుండ్రటి రాత, పోను పోను వణికే రాత. చివరిది నిరుడు జూన్. ముప్పై ఏడు సంతకాలు.

"ఇదేంటి?" అంది వెర్నా. "బర్డీన్ గారూ, ఇదేంటి?"

"వచ్చేదమ్మాయ్. నేను ఇక్కడ గుమాస్తాగా చేరిన ఏడు మొదలుపెట్టింది. ఇదిగో ఈ బల్ల దగ్గరే కూర్చునేది. మిగతా కాగితాలు ముట్టుకునేది కాదు. ఆ మూడోదొక్కటే. చదివేది, కళ్లు తుడుచుకునేది, ఒక్కోసారి నవ్వేది కూడా. బ్లూ దగ్గర నవ్వేదనుకుంటా. వెళ్లిపోయేది."

"అదెందుకు చదవడం? అందులో ఏముందని? పొమ్మన్నానే నేను!"

"నేనడగలేదు. అడగకూడదు. కానీ ఒకేడు ఆవిడే చెప్పింది. దాని మాటలు నా దగ్గర ఇవే ఉన్నాయి బర్డీన్ అని."

వెర్నా గట్టిగా ఏడ్చేసింది. ఆపుకోలేక, చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఐలా లేచి దగ్గరకు రాబోయి, వస్తే తోసేస్తుందేమోనని ఆగిపోయింది.

"నా ఇల్లు ఇక్కడికి ఆరు మైళ్లు" అంది వెర్నా ఏడుపు మధ్యలో. "ప్రతి ఏడూ ఆరు మైళ్ల దూరానికొచ్చి... తలుపు తట్టొచ్చుగా! మీరైనా చెప్పొచ్చుగా!"

"మళ్లీ రావొద్దన్నావని తట్టలేదమ్మా. నన్నూ చెప్పనివ్వలేదు."

"మరి నేనిప్పుడే బయల్దేరుతా. నాలుగున్నర గంటలు. రాత్రికి అక్కడుంటా." కాగితాలు అక్కడే వదిలేసి బండి తాళాల కోసం సంచి తడుముకుంది. "అత్తా, నువ్వు వస్తే రా, రాకపోతే ఇంటికి పో. నీతో తర్వాత మాట్లాడతా. చాలా మాట్లాడాలి."

"బయల్దేరకు" అన్నాడు బర్డీన్.

ఇద్దరూ అతని వైపు చూశారు. బర్డీన్ అద్దాలు తీసి చొక్కాకు తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"నిరుడు వచ్చినప్పుడు తన సెల్ నంబరు ఇచ్చింది. ఈ ఫైలు కావాలని ఎవరైనా వస్తే, ఎవరో ఒకరు వస్తే, కబురు చెయ్యమంది. అది రూలు కాదు. తెలిస్తే నా మీద వచ్చే ఎన్నికల్లో దండోరా వేస్తారు. అయినా పొద్దున నువ్వు అటు వెళ్లగానే ఫోన్ చేశాను. అందుకే నిన్ను మూడున్నర దాకా కూర్చోబెట్టాను. నాకు జడ్జి దగ్గర పనేం లేదు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. పక్కనెవరినో చెప్పులు అందుకోమంది. నర్సు అరుస్తూనే ఉంది, డాక్టరు కూడా వచ్చాడు. ఆక్సిజన్ సిలిండరుతో సహా, చూడ్డానికొచ్చిన పక్కింటాయన కారెక్కిందట. పదకొండున్నరకే."

సెల్లారు గోడ మీద గడియారం నాలుగూ పది. ఐలా చేతికర్ర అందుకుని మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికత్తా?"

"ఓర్లీన్ ఈ మెట్లు దిగలేదే. మనమే పైకి పోదాం పద. నా చెయ్యి పట్టుకో, నేనూ ఎక్కలేను."

వెర్నా ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి ఇచ్చింది. సగం మెట్లు ఎక్కారో లేదో, పైన తలుపు తెరుచుకుని నోలా తల కనిపించింది. మొహం పాలిపోయి ఉంది.

"వెర్నా, నీ కోసమేనేమో చూడమ్మా. ఒహాయో నంబరు ప్లేటు కారొకటి మెట్ల ముందు ఆగింది. డ్రైవరు దిగి డాక్టరు కోసం పిచ్చివాడిలా అరుస్తున్నాడు. వెనక సీట్లో ఆవిడ మాత్రం దిగడం లేదు."